ఆకలి తీరిన బొగ్గు

పోయిన వారం మనం రామక్కను పెంటదిబ్బ దగ్గర, చేతిలో గడ్డపారతో నిలబెట్టి వచ్చేశాం. ఎదురుగా మరిది తిప్పయ్య, భుజాన పార. "ఈ దిబ్బను ఈ పొద్దే ఎత్తి వంకలో పోస్తా. అడ్డం రావద్దు, చెప్తాండా" అని అతను గుడ్లురిమాడు. అంతలో మనకు పుట అయిపోయింది. పాపం రామక్క, వారమంతా ఆ మాటకు బదులు నోట్లోనే పెట్టుకుని ఉంది.

నడుమ వచ్చి చేరినవాళ్ళు కంగారు పడనక్కర్లేదు, నాలుగు మాటల్లో చెప్పేస్తాను. కదిరికి పడమటగా, రైలు కూత వినబడీ వినబడని దూరంలో ఎర్రగుట్లపల్లె. ఆ ఊళ్ళో ఓబుళేసు, తిప్పయ్య అన్నదమ్ములు. అన్న ఓబుళేసు పాము కరిచి పోయాడు. ఆయన పెళ్ళాం రామక్క, తమ్ముడు తిప్పయ్య, తమ్ముడి పెళ్ళాం బయమ్మ ముగ్గురూ ఒకే పొయ్యి మీద వండుకుని ఒకే చేను చేసుకుంటున్నారు. "ఏమప్పా, అన్న పాయె గదా, ఇంక పంచుకోరా?" అని ఎవరన్నా అడిగితే, "పంచుకునేదానికి మాకేముండాది, ఎండ తప్ప?" అని తిప్పయ్య నవ్వేవాడు. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. విత్తనం వేసే రోజు గొర్రు వెనకాల నడుస్తూ, దాని మీద నిలబెట్టిన చెక్కగిన్నెలో, అదే జడ్డిగంలో, మొదటి గుప్పెడు గింజలు పెద్దకోడలే వదలాలి. అత్త చేతి నుంచి రామక్క చేతికి వచ్చిన హక్కు అది.

పోయిన ఏడు ఆ చేతికే మచ్చ పడింది. కదిరి నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున సారా అనే అమ్మాయి ఊరికి వచ్చేది. కంపచెట్ల కొయ్యలు, శెనక్కాయ పొట్టు గుంతలో వేసి కాల్చి, బొగ్గు నలిపి, పెంటలో కలిపి మాగబెట్టి చేనికి వేస్తే ఇసక నేల కూడా తేమ పట్టుకుంటుందని చెప్పింది. రామక్కకు ఆ మాట బాగా నచ్చింది. గుంత తవ్వింది, కాల్చింది, నలిపింది. పెంటలో కలపబోయేలోగా వాన పడింది. మన సీమలో వాన పడితే ఆగేవాడెవడండీ? పెళ్ళిపీటల మీద కూర్చున్నవాడు కూడా బాసికం పక్కన పెట్టి గొర్రు పట్టుకుంటాడు. గింజ మొలవడానికి సరిపడే తేమను మనవాళ్ళు పదును అంటారు. ఆ పదును ఎవరికోసమూ కాచుకుని ఉండదు. "మాగేదేముండాది, బొగ్గు బొగ్గే గదా" అనుకుని రామక్క పచ్చిబొగ్గు పొడినే సాళ్ళలో పోయించింది. ఉన్న పొడి చేనులో కిందిదిక్కు సగానికే వచ్చింది.

పైదిక్కు పైరు పచ్చగా లేచింది. కిందిదిక్కు మొలకలు వచ్చి, కామెర్లు తగిలినట్టు పసుపు పారి, అట్లాగే నిలబడిపోయాయి. ఆ సగం పంట పోయింది. మేపు లేక ఎండాకాలంలో ఎద్దుల జతను కదిరి సంతకు తోలేశారు. ఊళ్ళో రామక్క పేరు బొగ్గురామక్క అయి కూర్చుంది. తిప్పయ్య ఆమెతో మాట్లాడటం మానేశాడు. కంచంలో అన్నం చాలకపోతే బయమ్మ వైపు చూసి గొంతు సవరించుకునేవాడే గానీ, 'వదినా' అనేవాడు కాదు. ఈసారి చేనులోకి బొగ్గు వస్తే నడుమ గట్టు వేసి, నా సగం నేను తీసుకుంటానని ఊరంతా చెప్పుకు తిరిగాడు. చేను నడుమ గట్టు పడితే రేపు పొయ్యి నడుమ కూడా పడుతుంది. రామక్కకు పిల్లలు లేరు, మొగుడు లేడు. ఆ పొయ్యి తప్ప వేరే ఇల్లు లేదు.

అయినా ఆ మనిషి బొగ్గు మానలేదు చూడండి, అదీ ఆమె మొండితనం. సారా దగ్గరకు పోయి తగువు వేసుకుంది. "నీ మాట విని నా కొంప ముంచుకుంటి గదమ్మా" అంది. సారా పాపం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తర్వాత ఇద్దరూ కూర్చుని తెలుసుకున్నది ఇదీ. బొగ్గు ఒళ్ళంతా కంటికి కనబడని తొర్రలు. అవన్నీ ఖాళీ. పచ్చిబొగ్గు నేలలో పడితే పైరు తాగాల్సిన సత్తువను తనే తాగేస్తుంది. పెంటలో ముందే తిని, తాగి, కడుపు నిండిన బొగ్గయితే తన దగ్గరున్నది దాచిపెట్టి వేళ్ళకు అడిగినప్పుడల్లా ఇస్తుంది. ఇంతే సంగతి. ఈ సంగతి తెలుసుకోవడానికి ఒక పంట, ఒక జత ఎద్దులు పోయాయి.

దాంతో ఏడాది పొడుగునా రామక్క దిబ్బకు చాకిరీ చేసింది. పేడ, కానుగ ఆకు, పశువులు తినగా మిగిలిన గడ్డీగాదం, బొగ్గుపొడి వరసలు వరసలుగా పేర్చింది. గిన్నెలు కడిగిన నీళ్ళు కూడా వృథా చేయకుండా దాని మీదే పోసింది. గొర్లకాపరి ఈరప్పను బతిమాలి, అతని మందను తన దొడ్డిలో బొగ్గుపొడి పరిచి ఆ పైన పడుకోబెట్టింది. ఉచ్చ పీల్చుకున్న పొడి దిబ్బకెక్కింది. అంతా బాగానే ఉంది గానీ తెల్లారి చూసుకుంటే తెల్లగొర్రె లేదు ఆ మందలో. "నా మందకంతా కాటుక పెట్టినావు గదక్కా! సంతలో ఎవడు కొంటాడు వీటిని?" అని ఈరప్ప లబోదిబోమన్నాడు. కదిరి సంతలో ఒకడు గొర్రె వీపు తడిమి, చెయ్యి చూసుకుని, ఈరప్పను చూసి, "ఏమప్పా, రంగేసి అమ్ముతాండావా?" అన్నాడట. ఆ మాటను ఈరప్ప ఇప్పటికీ రామక్కకు అప్పజెబుతూనే ఉంటాడు.

సరే, కథలోకి వద్దాం. మొన్న సాయంత్రం వాన దంచి కొట్టింది. నేల అంతా పదును. దిబ్బ మాగింది. తిప్పయ్య పార పట్టుకుని వచ్చాడు.

రామక్క గడ్డపార పక్కన పడేసింది.

"ఎత్తుకో" అంది.

తిప్పయ్య ఈ మాట అనుకోలేదు. ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు, కాళ్ళకు అడ్డం పడుతుందని కూడా అనుకున్నాడు. వీటన్నిటికీ బదులు సిద్ధం చేసుకుని వచ్చిన మనిషి, ఇప్పుడు ఏం చేయాలో పాలుపోక నిలబడ్డాడు.

"ఎత్తుకో అంటాండా గదా. ఏడాదిగా నువ్వు ఈ దిక్కే చూడలా. ఎత్తేటప్పుడన్నా చూస్తావు."

"నేను చూసేదేముండాది వదినా! పోయినేడు చూసినంత సాలు." వదినా అన్నాడు. ఏడాది తర్వాత అన్న మొదటి 'వదినా' కోపంలోనే అయినా రామక్క చెవిన పడింది.

తిప్పయ్య పార ఎత్తి దిబ్బ నడుములో వేశాడు. గట్టిగా దిగుతుందని బలం కొద్దీ వేశాడేమో, పార మెత్తగా పిడిదాకా పోయింది. తూలి పడబోయి నిలదొక్కుకున్నాడు. పార లాగితే దిబ్బ పక్క విడివడి లోపలంతా బయటపడింది. పెంట వాసన లేదు. తొలకరికి నేల లేచే వాసన ఉంది. నల్లటి మెత్తటి మన్నులో బొగ్గు ముక్కలు, వాటి మధ్య ఎర్రలు మెలికలు తిరుగుతున్నాయి. కానుగ ఆకు ఏదో, పేడ ఏదో, బొగ్గు ఏదో చెప్పలేనట్టు అన్నీ కలిసిపోయాయి.

తిప్పయ్య రైతు. ఎంత కోపమున్నా రైతు చెయ్యి ఊరుకోదు. వంగి గుప్పెడు తీసి నలిపాడు. నలిపాక గుర్తొచ్చింది తనకు కోపమొచ్చి ఉందని. చెయ్యి దులిపేసుకున్నాడు.

"బాగనే కుళ్ళింది" అన్నాడు. "అయితే ఏమి? ఉండేది ఆ బొగ్గే గదా! నా సేను కాల్చిన బొగ్గే గదా!"

"ఆ బొగ్గు కాదప్పా ఇది."

"బొగ్గు ఇంకో బొగ్గు ఎట్లయితాది?"

గోడ పక్క గోతాంలో పోయినేడు మిగిలిన పచ్చిబొగ్గు ఉంది. రామక్క అందులోంచి ఒక ముక్క, దిబ్బలోంచి ఒక ముక్క తీసింది. ఎద్దులు పోయాక ఊరికే పడున్న కుడితి తొట్టిలో వాననీళ్ళు నిండి ఉన్నాయి. రెండూ అందులో వేసింది. పచ్చిబొగ్గు బెండులాగా పైన తేలుతూ తొట్టి అంచుకు పోయి ఆనుకుంది. దిబ్బలోది బుడుంగున మునిగింది.

"చూసినావా? అది ఖాళీ, అందుకే తేలుతాండాది. ఇది నిండింది. ఇంక నీ పైరు నోటికాడిది ఇది లాక్కోదు."

తిప్పయ్య తొట్టిలోకి తొంగి చూశాడు. చూసి మొహం చిట్లించాడు. "మునిగింది గదా! పోయినేడు నన్నూ ఇట్లనే ముంచింది. తొట్లో బొగ్గు మునిగితే నా కడుపు నిండుతాదా వదినా?"

ఇంత వరకూ ఓర్చుకున్న రామక్కకు ఆ మాటతో ఏడుపు వచ్చింది. "నీ కడుపు మాత్రమేనా తిప్పయ్యా? నా కడుపు నిండిందా? ఒకే కుండలోదే గదా తిన్న్యాం!"

"ఒకే కుండ!" తిప్పయ్య గొంతు పెరిగింది. ఇంతకాలం లోపల మాగుతున్నది అప్పుడు బయటికి వచ్చింది. "ఒకే కుండ అయితే నా దిక్కుకే ఎందుకు పోసినావు? పైదిక్కు పోయొచ్చు గదా! రేపు పంచుకుంటే పైదిక్కు పెద్దోనిది, కిందిదిక్కు చిన్నోనిది. నాయన బతికుండంగా చెప్పినమాట ఇది. నీకు తెలీదా? నీ దిక్కుకు ఒక్క గంప పోసుకోలా. చెడితే నాది చెడాల, బాగుంటే నీది బాగుండాల. అంతే గదా! అన్న ఉండుంటే ఇట్ల చేసుంటాడా?"

ఏడాది పాటు రామక్క, ఈ మనిషి పంట పోయినందుకు అలిగాడనుకుంది. ఎద్దులు పోయినందుకు అలిగాడనుకుంది. కాదు, ఇదా లోపల పెట్టుకున్నది! తిన్నింటి వాసాలు లెక్కబెట్టేదాన్నని అనుకున్నాడా నన్ను! కోపం రావాల్సింది. దానికి బదులు జాలి వచ్చింది ఆమెకు. ఏడాదిగా పక్కపక్కనే కూర్చుని అన్నం తింటూ, ఈ మాట గొంతులో అడ్డం పెట్టుకుని ఎట్లా మింగాడో పాపం.

"కిందిదిక్కు ఇసకపర్ర" అంది మెల్లగా. "వాన పడిన మూడోనాటికి ఆరిపోతాది. మీ అన్న బతికినన్నాళ్ళు ఒకే మాట, 'చిన్నోని దిక్కు నేల ఎప్పుడూ దప్పికతోనే ఉండాదే రామీ, దానికేమన్నా చెయ్యాల' అని. పైదిక్కు ఎట్లయినా పండుతాది. తక్కువున్న దిక్కే ముందు బాగు చేద్దామని పోసినా. నా తెలివి అంతే పనిచేసింది."

తిప్పయ్య పార మీద ఆనుకుని నేల చూస్తున్నాడు.

"ఇదిగో, ఈ దిబ్బ ఎవరి దిక్కుకనుకుంటాండావు? ఇది కూడా సగానికే వస్తాది. పోయినేడు పడిన పచ్చిబొగ్గు నీ నేల్లోనే ఉండాది, యాడికీ పోలా. దాని ఆకలి ఇంకా తీరిందో లేదో. దానికి తిండి పెట్టాలనే ఏడాదిగా ఇంత చేసినా. నా దిక్కుకు ఈసారి కూడా ఒక్క గంప పోసుకోను. ఇది కూడా తప్పంటే ఎత్తి వంకలో పోసుకో. నేను అడ్డం రాను."

తిప్పయ్య తల ఎత్తలేదు. అయితే మగవాడు అంత తొందరగా దిగి వస్తాడా? "మాటలకేం, బాగనే చెప్తావు" అని గొణిగాడు. "మొలిస్తే గదా! ఈ మట్టిలో పచ్చని మొక్క ఒకటి మొలిచింది చూపియ్యి. ఒక్కటి. అప్పుడు నమ్ముతా."

ఈ మాటలన్నీ ఇంటి వెనక తలుపు చాటున నిలబడి వింటున్న ఒక మనిషి ఉంది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఉంది. బయమ్మ.

చేతిలో అప్పుడే కోసిన సొరకాయ. అంత పొడుగు కాయను పమిట కింద దాచాలని చూసింది గానీ అది దాగే కాయా? తిప్పయ్య చూడనే చూశాడు.

"నువ్వేంది ఆడ? లోపలికి పో."

బయమ్మ లోపలికి పోలేదు. బయటికి వచ్చింది. అక్క మొహం ఒకసారి, మొగుడి మొహం ఒకసారి చూసింది. సొరకాయ తెచ్చి తిప్పయ్య కాళ్ళ ముందు పెట్టింది.

"ఒకటి చూపియ్యమంటివి గదా. ఇదో."

"ఏంది ఇది?"

"సొరకాయ. తెలీదా? పోయిన శనివారం టీ అంగట్లో కూర్చోని, 'మా ఇంటి సొరకాయ సూడండప్పా, ఎండాకాలంలో ఇట్ల కాసింది యాడన్నా ఉండాదా' అని ఊరంతా చాటింపేసినావే. ఆ తీగెదే."

"అయితే?"

"వాకిట్లో ఆ పక్కొకటి, ఈ పక్కొకటి రెండు తీగెలు పెడితి. ఒకదాని మొదట్లో గోతాంలోది పచ్చిబొగ్గు పోస్తి. అదెట్లయింది? పసుపు పారింది. నువ్వే పీకి పారేస్తివి, 'దీనికి రోగం' అని. రెండోదాని మొదట్లో..." బయమ్మ గొంతు కాస్త తగ్గింది. "రెండోదాని మొదట్లో అక్క దిబ్బలోది పోస్తి. నువ్వు అంగడికి పోయినప్పుడల్లా ఒక్కో గంప."

రామక్క బిత్తరపోయింది. దిబ్బ ఒక పక్క తగ్గుతూ వస్తే కోళ్ళు కెలికాయనుకుంది ఇన్నాళ్ళు! ఊరి కోళ్ళన్నిటినీ నోటికొచ్చినట్టు తిట్టింది కూడా.

"నువ్వా బయమ్మా?"

"నేనే అక్కా. అడిగితే నువ్వియ్యవా? ఇస్తావు. ఈయనకు తెలిస్తే ఊరుకోడని అడగలా. ఇదేదో నిజమో అబద్ధమో నా కళ్ళారా చూడాలనిపించె. నువ్వు ఒక్కదానివే పేడ పిసుక్కుంటా ఉంటే సూడలేకపోతిని." బయమ్మ కళ్ళు తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది. "ఆ పొప్పు, ఆ కూర, ఆ పచ్చడి, అన్నీ ఆ తీగె కాయలే. రెండోమాటు పెట్టించుకోని తిన్న్యావే, అప్పుడు బొగ్గు కనపళ్ళేదా నీకు?"

తిప్పయ్య ముందు ఎర్రబడ్డాడు. తర్వాత నల్లబడ్డాడు. మింగలేక, కక్కలేక సొరకాయ వైపు చూశాడు. లేత పచ్చగా, నున్నగా అది నేల మీద హాయిగా పడుకుని ఉంది. ఎవరికన్నా నవ్వు వచ్చే ఘడియే గానీ అక్కడ ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే తిప్పయ్య అరవలేదు. అరిస్తే బాగుండేది. పార వదిలేసి తొట్టి అంచు మీద కూలబడ్డాడు. రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"ఇంట్లో ఇద్దరికీ తెలుసు. నేనొక్కణ్ణే ఎర్రోణ్ణి" అన్నాడు.

"అట్లనుకోవద్దప్పా" అంది రామక్క. "నాకూ ఇప్పుడే గదా తెలిసింది."

"నిన్న చెప్పుంటే ఏం పోయ్యేది బయమ్మా? నిన్న ఒక్క మాట చెప్పుంటే!"

ఆ గొంతులో ఏదో ఉంది. ఆడవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నిన్న ఏమాయె?" అంది బయమ్మ.

తిప్పయ్య తల ఎత్తకుండానే చెప్పాడు. "కిందిదిక్కు జయరామన్నకు కౌలుకిచ్చేసినా. ఆకూవక్క కూడా మార్చుకున్న్యాము. నడుమ గట్టు ఆయప్పే ఏసుకుంటాడు. దానికి బదులు పైదిక్కు ట్రాక్టరుతో విత్తనమేసి పెడతానన్న్యాడు. ఎద్దుల్లేవు గదా మనకు. ఈ పదును పోతే ఇంక ఏముండాది? వదిన దిక్కన్నా పండనీలే అని..."

రామక్క దిబ్బను పట్టుకుని నిలబడింది. చూశారా, తనను అంత మాట అన్నవాడే, తన దిక్కు పండాలని తన నేల ఒకరి చేతిలో పెట్టి వచ్చాడు! ఇట్లాంటి మనిషి మీద కోపం తెచ్చుకునేదెట్లా? తెచ్చుకోకుండా ఉండేదెట్లా?

అంతలో బాట మీద ట్రాక్టరు చప్పుడు. జయరాముడు చెడ్డవాడేం కాదు. ఊళ్ళో ఉన్న ఒకే ట్రాక్టరు ఆయనది. గట్టి గొంతు, గట్టి మీసం, మాట మీద నిలబడే మనిషి. దొడ్డి పక్కన బండి ఆపి, ఇంజను ఆపకుండానే, ఆ చప్పుడు మీద తన గొంతు వినబడేట్టు అరిచాడు.

"ఏమప్పా తిప్పయ్యా! పదును బంగారట్ల ఉండాది. నువ్వేమో ఈడ తొట్టి మీద కూర్చోనుండావు! రా, గట్టు యాడ ఎయ్యాల్నో చూపియ్యి. రెండు సాళ్ళు తోలితే గట్టు లేస్తాది, ఆమీన పైదిక్కు విత్తనం ఏసేస్తా."

తిప్పయ్య లేచాడు. కాలి దగ్గర సొరకాయను చూశాడు. విడివడిన దిబ్బను చూశాడు. అరచేతిలో ఇందాక దులిపినా పోని నల్లటి మన్ను ఇంకా అంటుకునే ఉంది. దాన్ని పంచెకు తుడుచుకోబోయి ఆగాడు.

"అన్నా, ఇంజను ఆపు."

జయరాముడు ఆపాడు.

"నిన్న నేను నీకు మాటిచ్చింది మా వదినను అడక్కుండా. చేనికి పెద్ద ఆమె. అన్న పోయినాక ఆ మాట నేను మర్చిపోతిని. ఆమెనడుగు. గట్టు ఎయ్యమంటే నేనే వచ్చి చూపిస్తా. వద్దంటే, నా మాట పోతాది. పోనీ. ఊళ్ళో నాలుగు దినాలు నవ్వుకుంటారు, అంతే గదా."

జయరాముడు మీసం సవరించుకున్నాడు. కోపం తెచ్చుకుందామా వద్దా అని ఆలోచించినట్టున్నాడు. చివరికి రామక్క వైపు తిరిగాడు. "చెప్పక్కా. నేను బలవంతం చేసేవాణ్ణి కాదు. ఆకూవక్క వెనక్కి తీసుకుంటా. అయితే ఒకటి. నాకు ఇంకా చాలా చేన్లు ఉండాయి. ఈ పొద్దు నేను ఈడి నుంచి పోతే మళ్ళా మీ చేన్లోకి వచ్చేసరికి పదును ఉండదు. మీకా ఎద్దుల్లేవు. ఈ పదును సమయానికి ఊళ్ళో ఎవరూ తమ ఎద్దుల్ని ఇప్పి ఇయ్యరు. బాగా ఆలోచించుకోని చెప్పు."

అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదీ రామక్క పరిస్థితి. గట్టు వేయమంటే పైదిక్కు పండుతుంది. కిందిదిక్కు పోతుంది, ఏడాది చాకిరీ చేసిన దిబ్బ పోయేచోటు లేక ఇక్కడే పడుంటుంది. ఆ గట్టు రేపు ఇంట్లోకి కూడా నడిచి వస్తుంది. వద్దంటే చేను మొత్తం ఉమ్మడిగానే ఉంటుంది, ఉమ్మడిగానే బీడు పడొచ్చు.

రామక్క మరిది మొహం చూసింది. ఏడాది తర్వాత అతను ఆమె కళ్ళలోకి చూస్తున్నాడు.

"గట్టు వద్దు జయరామన్నా" అంది. "మా చేను మేమే చేసుకుంటాం. నీకు పుణ్యముంటాది, ఏమనుకోవద్దు."

జయరాముడు ఒక్క క్షణం చూసి, తల ఊపి, ఇంజను వేశాడు. "మొండోళ్ళప్పా మీరు!" అన్న మాట చప్పుడులో సగమే వినబడింది. ట్రాక్టరు బాట మలుపు తిరిగిపోయింది. ఊళ్ళో ఉన్న ఒకే ట్రాక్టరు. పైన ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఆ ఎండకు పదును ఎన్నాళ్ళు నిలుస్తుందో ముగ్గురికీ తెలుసు.

ముందు కదిలింది బయమ్మ. గంప తెచ్చి దిబ్బ దగ్గర బోర్లించి దులిపి, చేతులతో నల్లమన్ను నింపడం మొదలుపెట్టింది. రామక్క వంగి ఆమెకు చెయ్యి సాయం చేసి గంప నెత్తికెత్తింది.

తిప్పయ్య ఖాళీ కొట్టంలోకి పోయాడు. లోపల ఏదో ఈడ్చిన చప్పుడు. బయటికి వచ్చేసరికి ఒక చేతిలో బూజు పట్టిన గొర్రు, రెండో చేతిలో జడ్డిగం. జడ్డిగాన్ని పైపంచెతో శుభ్రంగా తుడిచి రామక్క ముందుకు చాపాడు.

"వదినా, జడ్డిగం పట్టుకో. మొదటి గుప్పెడు నీదే గదా."

రామక్క రెండు చేతులా అందుకుంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఎద్దుల్లేకుండా ఎట్లప్పా?" అని అడిగింది.

తిప్పయ్య కొట్టంలోకి మళ్ళీ పోయి, గోడకు తగిలించిన కాడిని దించుకుని వచ్చాడు. పోయిన ఎండాకాలం దాకా రెండు మెడలు మోసిన కాడి అది. వాకిట్లో నిలబడి, పైపంచెను మడిచి మెడ మీద వేసుకుని, దాని మీద కాడి ఒక కొన ఎత్తి పెట్టుకున్నాడు. సరిగా కూర్చుందో లేదో ఒకసారి కదిపి చూసుకున్నాడు. ఆ తర్వాత చేను వైపు తిరిగి నిలబడ్డాడు.

కాడి రెండో కొన ఖాళీగా ఉంది.